పోలింగ్ రేపు, భయం ఎల్లుండి నుంచి

అమెరికా అధ్యక్ష ఎన్నికల పోలింగ్ రేపు, 2024 నవంబర్ 5న. నిజానికి సగం పోలింగ్ ఇప్పటికే అయిపోయినట్టే. ముందస్తు కేంద్రాల్లో, పోస్టులో కలిపి 7 కోట్ల మందికి పైగా ఓటు వేసేశారు. కమలా హారిస్‌కూ డొనాల్డ్ ట్రంప్‌కూ మధ్య పోటీ ఏడు రాష్ట్రాల్లో నువ్వా నేనా అన్నట్టుంది. ఎన్నికల ముందురోజు ఏ దేశంలోనైనా జనం మాట్లాడుకునేది ఎవరు గెలుస్తారన్న దాని గురించే. అమెరికాలో ఈసారి ఆ మాటతో సమానంగా ఇంకో మాట వినిపిస్తోంది: ఓడినవాళ్ళు ఊరుకుంటారా?

అలా అడగడానికి కారణాలు కళ్ళముందే ఉన్నాయి. వారం కిందట, అక్టోబర్ 28 తెల్లవారుజామున, ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఒక బ్యాలెట్ పెట్టెకు ఎవరో నిప్పు పెట్టారు. నదికి అవతలి ఒడ్డున, వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్‌లో కూడా అదే జరిగింది. అక్కడ వందల బ్యాలెట్లు పాడైపోయాయి. సెప్టెంబర్‌లో పదికి పైగా రాష్ట్రాల ఎన్నికల కార్యాలయాలకు అనుమానాస్పదమైన పొడితో కవర్లు వచ్చాయి. ఫీనిక్స్ నగరమున్న మారికోపా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఓట్ల లెక్కింపు భవనం చుట్టూ కంచె లేచింది. జూలై 13న పెన్సిల్వేనియాలోని బట్లర్‌లో ట్రంప్ చెవిని తాకుతూ తుపాకి గుండు దూసుకుపోయింది. రెండు నెలలకు ఫ్లోరిడా గోల్ఫ్ మైదానంలో మరో హత్యాయత్నాన్ని అడ్డుకున్నారు. ఇవన్నీ ఒక ఎత్తు. 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనమైన క్యాపిటల్ మీద, 2020 ఓటమిని ఒప్పుకోని ట్రంప్ మద్దతుదారులు చేసిన దాడి ఒక్కటీ ఒక ఎత్తు. ఆనాటి దాడికి ముందు ప్రసంగించిన మనిషే ఇప్పుడు మళ్ళీ అభ్యర్థి. మొన్న అక్టోబర్ 29న హారిస్ తన ముగింపు ప్రసంగానికి ఏరికోరి, ఆనాడు ట్రంప్ ప్రసంగించిన మైదానాన్నే ఎంచుకున్నారు.

మన దేశంలో ఎన్నికల భయాలు ఎక్కువగా పోలింగ్ బూత్ చుట్టూ తిరుగుతాయి. డబ్బు పంపిణీ, దొంగ ఓట్లు, బూత్‌లో దౌర్జన్యం, ఈ మధ్య ఈవీఎంల మీద అనుమానం. ఎన్నికల సంఘం ఫలితం ప్రకటించాక మాత్రం ఓడినవారు ఎంత గొణిగినా ప్రభుత్వం మారిపోతుంది. ఈ ఏడాది జూన్ 4న లెక్కింపు జరిగితే, జూన్ 9న ఢిల్లీలో, 12న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త ప్రభుత్వాలు ప్రమాణం చేశాయి. అమెరికాలో బూత్ దాదాపు ప్రశాంతంగానే ఉంటుంది. అసలు ఆందోళనంతా ఓటు పడిన తర్వాత మొదలవుతుంది. రేపటికీ కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేసే జనవరి 20కీ మధ్య 76 రోజులున్నాయి. ఆ 76 రోజుల్లో ఎక్కడెక్కడ ఎవరెవరు సంతకం చేయాలో తెలిస్తే ఈ భయం ఎందుకో అర్థమవుతుంది.

మొదట గమనించాల్సిన సంగతి, అమెరికాలో ఎన్నికల సంఘమే లేదు. ఫెడరల్ ఎన్నికల కమిషన్ అనే పేరుతో ఒకటుంది కానీ అది చూసేది ప్రచార విరాళాల లెక్కలు మాత్రమే. ఓటర్ల జాబితా, బ్యాలెట్ల ముద్రణ, లెక్కింపు, ఫలితం అన్నీ రాష్ట్రాల పని. రాష్ట్రాలు ఆ పనిని కౌంటీలకు, కొన్నిచోట్ల ఊళ్ళకు అప్పగించాయి. ఒక్క విస్కాన్సిన్‌లోనే 1,800కు పైగా స్థానిక గుమాస్తాలు ఎన్నికలు నడుపుతారు. దేశం మొత్తం మీద ఇలాంటి విభాగాలు దాదాపు 10,000. ఒక రాష్ట్రంలో ఓటరు గుర్తింపు కార్డు తప్పనిసరి, పక్క రాష్ట్రంలో అక్కర్లేదు. ఒకచోట పోలింగ్ రోజుకు చేరిన పోస్టల్ ఓటే చెల్లుతుంది, మరోచోట ఆ రోజు ముద్ర పడి తర్వాత వచ్చినా చెల్లుతుంది. పైగా చాలా రాష్ట్రాల్లో ఎన్నికల ప్రధాన అధికారి పార్టీ టికెట్ మీద గెలిచిన రాజకీయ నాయకుడే. మనకు ఇది వింతగా అనిపిస్తుంది. ఆటగాళ్ళ జట్టులోంచే ఒకరిని అంపైర్‌గా పెట్టుకున్నట్టు ఉంటుంది.

ఈ చెల్లాచెదురు ఏర్పాటుకు ఒక మేలు ఉంది. దేశం మొత్తం ఫలితాన్ని ఒకచోట కూర్చుని మార్చేయడం ఎవరి వల్లా కాదు. కీడు కూడా ఉంది. ఎక్కడో ఒక మూల, ఒక చిన్న బోర్డులో, ఇద్దరు సభ్యులు మొండికేస్తే మొత్తం బండి ఆగే ప్రమాదం ఉంది. రేపు రాత్రి విజేతను అధికారికంగా ప్రకటించే సంస్థ కూడా ఏదీ ఉండదు. టీవీలో పలానా రాష్ట్రం పలానా వారిది అని చెప్పేది అసోసియేటెడ్ ప్రెస్ లాంటి వార్తాసంస్థలు, తమ లెక్కల ప్రకారం. చట్టం దృష్టిలో అది వార్తే తప్ప ఫలితం కాదు. ఓడిన అభ్యర్థి ఫోన్ చేసి అభినందించడం కూడా చట్టంలో లేదు. 1896లో విలియం జెన్నింగ్స్ బ్రయాన్ తనను ఓడించిన మెకిన్లీకి టెలిగ్రాం కొట్టినప్పటి నుంచి వస్తున్న మర్యాద అది. అధికార మార్పిడి సాఫీగా జరగడానికి ఇంతకాలం ఆధారపడింది చాలావరకు ఈ మర్యాదల మీదే. 2020లో ఒక మనిషి ఆ మర్యాద పాటించనన్నాడు. రాజ్యాంగం కంటే మర్యాదే ఎక్కువ బరువు మోస్తోందని దేశానికి అప్పుడు తెలిసివచ్చింది.

ఆనాడు జరిగింది క్యాపిటల్ దాడి దృశ్యాలతోనే జనానికి గుర్తుండిపోయింది. కానీ ఎన్నికల నిపుణులు ఈ రాత్రి తలచుకుంటున్నది అంతకు ఆరు వారాల ముందు మిషిగన్‌లో జరిగిన ఒక సమావేశాన్ని. ఆ రాష్ట్రంలో కౌంటీల లెక్కలను కూడి ధ్రువీకరించే బోర్డులో నలుగురు సభ్యులు, ఇద్దరు రిపబ్లికన్లు, ఇద్దరు డెమొక్రాట్లు. బైడెన్ ఆధిక్యం 1,54,000 ఓట్లకు పైగా ఉంది. వివాదానికి తావే లేదు. అయినా డెట్రాయిట్ ఉన్న వేన్ కౌంటీ బోర్డు మొదట 2-2గా చీలిపోయి, గొడవయ్యాక కొన్ని గంటలకు సర్దుకుంది. తర్వాత నవంబర్ 23న రాష్ట్ర బోర్డు వంతు వచ్చింది. ధ్రువీకరించవద్దని సొంత పార్టీ నుంచి తీవ్రమైన ఒత్తిడి. ఒక రిపబ్లికన్ సభ్యుడు ఓటింగుకు దూరంగా ఉండిపోయారు. రెండో రిపబ్లికన్ ఆరన్ వాన్ లాంగెవెల్డ్ అనే యువ న్యాయవాది. ధ్రువీకరించకుండా ఉండే అధికారం చట్టం తమకు ఇవ్వలేదని చెప్పి, అనుకూలంగా ఓటు వేశారు. 3-0తో పని అయిపోయింది. రెండు నెలలు తిరక్కుండానే పార్టీ ఆయన పేరును మళ్ళీ ప్రతిపాదించకుండా పక్కన పెట్టింది.

మిషిగన్ ఓటర్లు ఆ తర్వాత, 2022లో, రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించుకున్నారు. ధ్రువీకరణ అనేది అధికారుల విచక్షణకు వదిలిన విషయం కాదు, లెక్క కూడి సంతకం పెట్టే గుమాస్తా పని అని అందులో రాసుకున్నారు. అన్ని రాష్ట్రాలూ అంత స్పష్టంగా రాసుకోలేదు. అరిజోనాలోని కొచీస్ కౌంటీలో 2022లో ముగ్గురు సభ్యుల బోర్డులో ఇద్దరు రిపబ్లికన్లు గడువులోగా ఫలితాన్ని ధ్రువీకరించకుండా కూర్చున్నారు. యంత్రాల మీద అనుమానమని చెప్పారు. ఆధారం ఏదీ చూపలేదు. ఇందులో చోద్యం ఏమిటంటే, ఆ కౌంటీ రిపబ్లికన్లకు కంచుకోట. అక్కడి 47,000 ఓట్లు లెక్కలోంచి పోతే నష్టపోయేది వాళ్ళ అభ్యర్థులే. చివరికి కోర్టు ఆదేశిస్తే బోర్డు ధ్రువీకరించింది. ఇద్దరి మీదా క్రిమినల్ కేసు నడిచింది. అందులో ఒకరు గత నెలలోనే నేరం ఒప్పుకున్నారు. సొంత పార్టీకే నష్టమని తెలిసీ అలా చేశారంటే, అక్కడ పనిచేసింది రాజకీయ లెక్క అనుకోలేం. ఎన్నికల యంత్రాంగం మొత్తం మోసమేనన్న గట్టి నమ్మకమే వాళ్ళను నడిపించింది. ఇదే ఎక్కువ కలవరపెట్టే సంగతి. స్వార్థపరుడితో బేరమాడవచ్చు, నమ్మకస్థుడితో బేరం కుదరదు.

ఇక జార్జియా. 2020లో ఆ రాష్ట్రంలో బైడెన్ ఆధిక్యం 11,779. ఆ సంఖ్యకు ఒకటి కలిపి 11,780 ఓట్లు వెతికిపెట్టమని ట్రంప్ ఆ రాష్ట్ర ఎన్నికల అధికారి బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్‌ను అడిగిన ఫోన్ సంభాషణ లోకమంతా విన్నదే. ఈసారి ఆట వేరే చోట మొదలైంది. రాష్ట్ర ఎన్నికల బోర్డులోని ముగ్గురు సభ్యులు ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో మెజారిటీ బలంతో కొత్త నియమాలు తెచ్చారు. ఈ ముగ్గురినీ ట్రంప్ ఆగస్టులో అట్లాంటా సభలో పేరుపేరునా పొగిడారు. ఫలితాన్ని ధ్రువీకరించే ముందు కౌంటీ అధికారులు తగిన విచారణ చేసుకోవచ్చని ఒక నియమం. ప్రతి పోలింగ్ కేంద్రంలో బ్యాలెట్ల సంఖ్యను చేతితో లెక్కించాలని మరొకటి. తగిన విచారణ అంటే ఏమిటో, ఎంతకాలమో నియమంలో లేదు. గడువు దాటించడానికి అంతకంటే వెసులుబాటు ఇంకేం కావాలి? అక్టోబర్ మధ్యలో రాష్ట్ర న్యాయమూర్తులు ఇద్దరు ఈ దారి మూసేశారు. ధ్రువీకరణ తప్పనిసరి విధి అని ఒకరు తీర్పు చెప్పారు. మరొకరు ఏడు నియమాలను కొట్టేశారు. వాటిని వెంటనే పునరుద్ధరించడానికి రాష్ట్ర సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కాబట్టి రేపటికి పాత నియమాలే అమల్లో ఉంటాయి.

జార్జియా సంగతి తెలుగువారికి మరీ దూరం కాదు. అట్లాంటా ఉత్తర శివార్లలో, ఫోర్‌సైత్ కౌంటీ లాంటి చోట్ల, తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. పన్నెండు వేల లోపు తేడాతో రాష్ట్రం చేతులు మారే చోట ఏ చిన్న సమూహాన్నీ పార్టీలు తేలిగ్గా తీసుకోవు. అయితే అక్కడి తెలుగువారిలో పౌరసత్వం ఉన్నవారికే ఓటు. హెచ్1బీ మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవారు ఫలితం కోసం అందరికంటే ఆత్రంగా చూస్తారు, ఓటు మాత్రం వేయలేరు.

ఆ మాటకొస్తే ఓటు హక్కు లేనివారు ఓటు వేస్తున్నారన్నదే రిపబ్లికన్ శిబిరపు ప్రధాన భయం. ఈ ఎన్నికల విచిత్రం ఇక్కడే ఉంది. ప్రజాస్వామ్యం ప్రమాదంలో ఉందని రెండు పార్టీల ఓటర్లూ అంటున్నారు. ఇద్దరి మనసులో ఉన్న ప్రమాదం మాత్రం ఒకటి కాదు. వలస వచ్చిన పౌరులు కానివారి ఓట్లతో, పోస్టల్ బ్యాలెట్ల మాటున, ఫలితం తారుమారు అవుతోందని ఒక వర్గం నమ్ముతోంది. దీన్ని పరీక్షించి చూడటం కష్టమేమీ కాదు, చూశారు కూడా. జార్జియాలో 82 లక్షల మంది ఓటర్ల జాబితాను జల్లెడ పడితే పౌరులు కానివారు 20 మంది తేలారని గత నెల రాఫెన్స్‌పర్గర్ ప్రకటించారు. ఆయనా రిపబ్లికనే. 2020 ఫలితం మీద వేసిన అరవైకి పైగా దావాలు కోర్టుల్లో దాదాపు అన్నీ వీగిపోయాయి. జార్జియాలో దాదాపు 50 లక్షల బ్యాలెట్లను చేతితో లెక్కించారు, విజేత మారలేదు. అరిజోనా సెనేట్‌లోని రిపబ్లికన్లు 2021లో ఒక ప్రైవేటు సంస్థను పెట్టి మారికోపా ఓట్లను మళ్ళీ లెక్కింపజేస్తే, బైడెన్ ఆధిక్యం 360 ఓట్లు పెరిగింది! యంత్రాల మీద అబద్ధాలు ప్రసారం చేసినందుకు ఫాక్స్ న్యూస్ డొమినియన్ కంపెనీకి 78.75 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ పడింది. అట్లాంటాలో ఓట్లు లెక్కించిన ఒక తల్లీకూతుళ్ళ మీద దొంగ ఓట్ల నింద వేసినందుకు రూడీ జూలియానీ 14.8 కోట్ల డాలర్లు కట్టాలని జ్యూరీ తేల్చింది. ఇన్ని పరీక్షల తర్వాత కూడా నమ్మకం చెక్కుచెదరలేదంటే దాని వేళ్ళు లెక్కల్లో లేవన్నమాట.

రిపబ్లికన్ల ఫిర్యాదుల్లో కొట్టిపారేయలేనివీ ఉన్నాయి. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీల్లో గెలిచిన బైడెన్ జూలై 21న తప్పుకుంటే, ప్రైమరీల్లో ఒక్క ఓటూ పడని హారిస్ అభ్యర్థి అయ్యారు. న్యూయార్క్‌లో ట్రంప్‌ను 34 అభియోగాల్లో దోషిగా తేల్చిన కేసు ఎన్నికల ఏడాదిలోనే తీర్పుకు రావడం యాదృచ్ఛికమని ఆయన అభిమానులను నమ్మించడం ఎవరి తరమూ కాదు. రాష్ట్రాల నుంచి వచ్చే ఎలక్టోరల్ ఓట్ల మీద కాంగ్రెస్‌లో, అంటే అమెరికా పార్లమెంటులో, అభ్యంతరం లేవనెత్తే అలవాటు కూడా 2021లో ఆకాశం నుంచి ఊడిపడలేదు. 2005లో ఒహాయో ఓట్లను తిరస్కరించాలని 31 మంది డెమొక్రాటిక్ ప్రతినిధులు, ఒక సెనేటర్ ఓటు వేశారు. అప్పటికే కెర్రీ ఓటమి ఒప్పుకున్నారు కాబట్టి అదొక నిరసనగా మిగిలింది. 2021లో క్యాపిటల్ మీద దాడి జరిగిన ఆ రాత్రే 147 మంది రిపబ్లికన్లు అభ్యంతరాలకు ఓటు వేశారు, అభ్యర్థి ఓటమి ఒప్పుకోకుండానే. రెండింటినీ ఒకే గాటన కట్టలేం. కానీ తలుపు గొళ్ళెం మొదట తీసింది ఎవరన్న దానికి జవాబు ఒక పార్టీ పేరు మాత్రమే కాదు.

డెమొక్రాట్ల భయం వేరు. అది లెక్కింపుతో ఆగదు, ట్రంప్ న్యాయంగా గెలిస్తే ఏమవుతుందన్నది కూడా అందులో ఉంది. అధికారిక చర్యలకు సంబంధించి మాజీ అధ్యక్షులకు క్రిమినల్ కేసుల నుంచి విస్తృతమైన రక్షణ ఉంటుందని జూలై 1న సుప్రీంకోర్టు 6-3తో తీర్పు ఇచ్చింది. 2020 ఫలితాన్ని తారుమారు చేయబోయారన్న ఫెడరల్ కేసు ఇంకా నడుస్తోంది. ఆయన గెలిస్తే ఆ కేసు పెట్టిన శాఖకే యజమాని అవుతారు. తన మొదటి పదవీకాలం చివర్లో, 2020 అక్టోబర్‌లో, వేలాది ప్రభుత్వోద్యోగులను సులువుగా తొలగించడానికి వీలుగా ఆయన ఇచ్చిన ఉత్తర్వును బైడెన్ వచ్చీ రాగానే రద్దు చేశారు. దాన్ని తిరిగి తెస్తామని ట్రంప్ శిబిరం దాచుకోకుండా చెబుతోంది. లోపలి శత్రువుల మీద అవసరమైతే నేషనల్ గార్డ్‌నో సైన్యాన్నో దింపవచ్చని అక్టోబర్‌లో ఆయనే ఒక టీవీ ఇంటర్వ్యూలో అన్నారు. ఆయన దగ్గర ముఖ్య సిబ్బంది అధికారిగా పనిచేసిన మాజీ జనరల్ జాన్ కెల్లీ, ఫాసిస్టు అన్న మాటకు ఆయన సరిపోతారని పత్రికకు చెప్పారు. ప్రత్యర్థులు అనడం వేరు, పక్క గదిలో కూర్చుని పనిచేసిన జనరల్ అనడం వేరు. అయినా ఈ మాట ఓటర్లను కదిలించినట్టు సర్వేలలో కనిపించడం లేదు. బియ్యం, గుడ్లు, ఇంటి అద్దె ధరలు ముందు వరసలో నిలిచిన ఎన్నికల్లో ప్రజాస్వామ్యం అనే మాట చాలామందికి వినపడీ వినపడనట్టు ఉంది.

మధ్యలో ఒక చిన్న ముచ్చట. స్వింగ్ రాష్ట్రాల, అంటే ఎటైనా మొగ్గగల ఆ ఏడు రాష్ట్రాల, ఓటర్లు తన విజ్ఞప్తి మీద సంతకం చేస్తే, వారిలో రోజుకొకరికి 10 లక్షల డాలర్లు, అంటే 8 కోట్ల రూపాయలకు పైగా, ఇస్తానని ఇలాన్ మస్క్ ప్రకటించి ఇస్తున్నారు. షరతు ఒక్కటే: ఓటరుగా నమోదై ఉండాలి. ఇది చట్టవిరుద్ధం కావచ్చని న్యాయశాఖ హెచ్చరించింది. ఓటుకు రెండు వేలు, మూడు వేలు చూసిన మనవాళ్ళకు ఇందులో కొత్తగా కనిపించేది అంకె ఒక్కటే.

పార్టీల సంగతి అలా ఉంచితే, ఈ భయాలన్నిటికీ కింద ఒక పాత లెక్క ఉంది. అధ్యక్షుడిని ఎన్నుకునేది రాష్ట్రాల వారీగా ఎన్నికయ్యే 538 మంది ఎలక్టర్లు, గెలవాలంటే 270 కావాలి. 2000లో గోర్‌కూ 2016లో హిల్లరీ క్లింటన్‌కూ దేశవ్యాప్తంగా ఎక్కువ ఓట్లు వచ్చాయి, ఇద్దరూ ఓడిపోయారు. 2020లో బైడెన్‌కు దేశం మొత్తం మీద 70 లక్షల ఆధిక్యం వచ్చింది. కానీ అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్‌లలో ఆయన ఆధిక్యాలు మూడూ కలిపితే దాదాపు 43,000. అవి అటు తిరిగి ఉంటే ఇద్దరికీ చెరి 269 వచ్చేవి. అప్పుడు ప్రతినిధుల సభలో రాష్ట్రానికొక ఓటు చొప్పున తేలుస్తారు. సుమారు 4 కోట్ల జనాభా ఉన్న కాలిఫోర్నియాకు ఒకటి, 6 లక్షలు కూడా లేని వయోమింగ్‌కు ఒకటి. ఈసారి ఏడు స్వింగ్ రాష్ట్రాల ఎలక్టోరల్ ఓట్లు 93. దేశంలోని మిగతా 43 రాష్ట్రాల ఓటర్లు ప్రేక్షకులతో సమానం. కొన్ని వేల ఓట్లు దేశం మొత్తాన్ని తిప్పేసే చోట ఆ వేలను వెతకాలనో, రద్దు చేయించాలనో ఆశ పుట్టడం సహజం. ఏడు లక్షలో డెబ్బై లక్షలో తేడా ఉంటే ఎవరూ ఫోన్ చేసి అడగరు.

అమెరికా ఇలాంటి రాత్రిని చూడటం ఇదే మొదటిసారి అనుకుంటే పొరపాటు. 1876లో డెమొక్రాట్ శామ్యూల్ టిల్డెన్‌కు ప్రజల ఓట్లు ఎక్కువ వచ్చాయి, ఎలక్టోరల్ ఓట్లు 184, గెలుపుకు ఒక్కటే తక్కువ. మిగిలిన 20 ఓట్ల మీద తగాదా. ఫ్లోరిడా, లూసియానా, సౌత్ కరోలినాల నుంచి రెండేసి జాబితాలు వచ్చాయి. ఏది అసలుదో చెప్పే నియమం రాజ్యాంగంలో లేదు. 15 మందితో ఒక కమిషన్ వేస్తే అది పార్టీల వారీగా 8-7తో చీలి, ఇరవైకి ఇరవై రిపబ్లికన్ రూథర్‌ఫోర్డ్ హేస్‌కే ఇచ్చింది. 185-184. ప్రమాణానికి రెండు రోజుల ముందు వరకు ఫలితం తేలలేదు. ఎందుకైనా మంచిదని హేస్ మార్చి 3 రాత్రి శ్వేతసౌధంలో గుట్టుగా ప్రమాణం చేశారు. ఓడిన పక్షం ఎందుకు ఊరుకుందన్నది ముఖ్యం. దానికి బదులుగా దక్షిణాది రాష్ట్రాల రాజకీయాల నుంచి ఫెడరల్ సైన్యం తప్పుకుంది. అక్కడి నల్లజాతి పౌరుల ఓటు హక్కును క్రమంగా మింగేయడానికి దారి తెరుచుకుంది. 1965 ఓటు హక్కుల చట్టం దాకా అది పూర్తిగా తిరిగి రాలేదు. శాంతి దొరికింది, దాని ఖర్చు బేరంలో కూర్చోనివాళ్ళు తొంభై ఏళ్ళు కట్టారు. అమెరికా చరిత్రలో రాజీతో గట్టెక్కిన సంక్షోభాలను మెచ్చుకునేటప్పుడు ఈ లెక్క చాలామంది మరిచిపోతారు.

ఆ తగాదా నుంచి 1887లో ఒక చట్టం పుట్టింది. అది ఎంత గజిబిజిగా ఉందంటే, అందులోని సందులను చూపించి, 2021 జనవరి 6న ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ ఎలక్టోరల్ ఓట్లను పక్కన పెట్టవచ్చని ట్రంప్ న్యాయవాదులు వాదించారు. పెన్స్ ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది చివరలో రెండు పార్టీలూ కలిసి చట్టాన్ని బాగుచేశాయి. ఉపాధ్యక్షుడిది కవర్లు విప్పే పని మాత్రమేనని ఇప్పుడు స్పష్టంగా ఉంది. ఇదివరకు ఒక సెనేటర్, ఒక ప్రతినిధి కలిస్తే అభ్యంతరం లేవనెత్తగలిగేవారు. ఇప్పుడు ప్రతి సభలోనూ ఐదో వంతు సభ్యులు కావాలి. రాష్ట్రాలు తమ ఎలక్టర్ల ధ్రువపత్రాన్ని డిసెంబర్ 11లోగా ఇచ్చేయాలి. తగాదా వస్తే ఫెడరల్ కోర్టు త్వరగా తేల్చాలి. డిసెంబర్ 17న ఎలక్టర్లు తమ తమ రాష్ట్రాల్లో ఓటు వేస్తారు. 2020 తర్వాత జరిగిన మంచి పని ఏదైనా ఉందంటే ఇదే. కాకపోతే చట్టం గట్టిపడింది వాషింగ్టన్‌లో, ఒత్తిడి దిగివచ్చింది కౌంటీలకు. పైన గుమ్మం మూస్తే కింది కిటికీలు వెతుక్కుంటున్నారు.

ఈ విషయంలో తెలుగువారు ప్రత్యేకంగా గమనించాల్సిన మనిషి ఒకరున్నారు. ట్రంప్ ఎంచుకున్న ఉపాధ్యక్ష అభ్యర్థి జేడీ వాన్స్. ఆయన భార్య ఉషా చిలుకూరి తల్లిదండ్రులది ఆంధ్రప్రదేశ్ కావడంతో మన పత్రికలు ఆయన్ను తెలుగింటి అల్లుడిగా చేసేసుకున్నాయి. 2021లో పెన్స్ స్థానంలో తానుంటే రాష్ట్రాలను వేరే ఎలక్టర్ల జాబితాలు కూడా పంపమని అడిగి, చర్చకు పెట్టి ఉండేవాడినని వాన్స్ చెప్పారు. అక్టోబర్ 1 చర్చలో 2020లో ట్రంప్ ఓడిపోయారా అని హారిస్ పక్షాన ఉపాధ్యక్ష అభ్యర్థి టిమ్ వాల్జ్ సూటిగా అడిగితే జవాబు దాటేశారు. వీరు గెలిస్తే 2029 జనవరి 6న ఆ కవర్లు విప్పే కుర్చీలో ఉండేది ఆయనే.

ఓడినవారే ఆ కుర్చీలో కూర్చోవడం ఇంతకుముందు జరిగింది. 1961లో నిక్సన్, 2001లో గోర్ తమ ఓటమిని తామే చదివి వినిపించారు. అంతకంటే ఆశ్చర్యపరిచేది 1861 ఫిబ్రవరి 13 నాటి సంఘటన. దక్షిణాది రాష్ట్రాలు విడిపోతున్న రోజులవి, క్యాపిటల్ చుట్టూ జనరల్ స్కాట్ సైనికుల కాపలా. సభాపతి స్థానంలో ఉన్న ఉపాధ్యక్షుడు జాన్ బ్రెకిన్రిడ్జ్ ఆ ఎన్నికల్లో లింకన్ మీద పోటీ చేసి ఓడినవాడే. ఆయన ఓట్లు ఉన్నవి ఉన్నట్టు లెక్కబెట్టి లింకన్ గెలిచినట్టు ప్రకటించాడు. ఆ ఏడాది ముగియకముందే తిరుగుబాటు సైన్యంలో చేరి అదే ప్రభుత్వం మీద యుద్ధానికి దిగాడు.

రేపు రాత్రికి సంబంధించి తెలుసుకోవాల్సిన సాంకేతిక విషయం ఒకటుంది. పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ చట్టాలు పోస్టల్ బ్యాలెట్ల కవర్లను పోలింగ్ రోజు ఉదయానికి ముందు తెరవనివ్వవు. పోలింగ్ కేంద్రాల్లో వేసిన ఓట్లు ముందు తేలతాయి, వాటిలో రిపబ్లికన్ల వాటా ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. పోస్టల్ ఓట్లు ఆలస్యంగా తేలతాయి, వాటిలో డెమొక్రాట్లవి ఎక్కువ. అర్ధరాత్రి కనిపించిన ఆధిక్యం తెల్లారేసరికి కరగడం వింతేమీ కాదు, కవర్లు తెరిచిన వరస అది. 2020లో ట్రంప్ సరిగ్గా ఈ సందులోనే, రాత్రి రెండున్నర ప్రాంతంలో, గెలిచామని ప్రకటించుకున్నారు. వార్తాసంస్థలు బైడెన్ విజయాన్ని చెప్పింది శనివారం నాడు, నాలుగు రోజుల తర్వాత. కవర్లు ముందే తెరవనివ్వాలన్న మార్పును మిషిగన్ చేసుకుంది. పెన్సిల్వేనియా శాసనసభ నాలుగేళ్ళలో ఆ చిన్న సవరణ కూడా చేయలేకపోయింది. ఎన్నికల భద్రత గురించి అన్ని ప్రసంగాలు వినిపించిన దేశంలో ఇది క్షమించరాని బద్ధకం.

తేడా ఎక్కువగా ఉంటే ఈ భయాల్లో చాలావరకు బుధవారానికే చల్లారిపోవచ్చు. తక్కువగా ఉంటే కౌంటీ బోర్డుల సమావేశాలు, కోర్టు గదులు, డిసెంబర్ 11 గడువు వరసగా వార్తలవుతాయి. వచ్చే జనవరి 6న క్యాపిటల్‌లో కవర్లు విప్పేది కమలా హారిస్, ఆమె గెలిచినా ఓడినా. ఆ రోజుకు అధ్యక్షుడి ప్రమాణ స్వీకారంతో సమానమైన జాతీయ ప్రత్యేక భద్రతా హోదాను ప్రభుత్వం సెప్టెంబర్‌లోనే ప్రకటించింది. అంటే బందోబస్తు బాధ్యత సీక్రెట్ సర్వీస్‌ది. ఎలక్టోరల్ ఓట్ల లెక్కింపుకు ఈ హోదా ఇవ్వడం అమెరికాలో ఇదే మొదటిసారి.